ఊడి వచ్చిన పీచు

పేపరు మిల్లు క్వార్టర్సు,
మార్చి 3

చిరంజీవి చిన్నబాబుకి,

వదిన ఆశీస్సులు. నువ్వు వచ్చి వెళ్ళి నెల దాటింది. చేరానని ఒక్క ముక్క రాశావు, ఆ తరువాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. నీ పని నీకుంటుంది, తప్పు పట్టడం లేదు.

విచారణ కాగితం మొన్న చేతికొచ్చింది. అర పేజీ. మీ అన్నయ్య పంపుహౌసులో వాల్వు కట్టకుండా, పంపు తిరుగుతుండగానే దాన్ని పైపుకి కలిపే రబ్బరు జాయింటు బోల్టులు బిగించబోయాడట. బిగింపు ఎక్కువై జాయింటు చీలి, గుజ్జు ఉడికించే నల్ల ద్రావకం మరుగుతూ మీద పడిందట. చివరి మాట ఇది: "ఉద్యోగి స్వీయ అజాగ్రత్త వలన."

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. అందుకని నేను గొప్పలు చెప్పను. మీ అన్నయ్య కోపిష్టి, మొండి, ఏ పెళ్ళికీ వేళకి చేరలేదు. కానీ అజాగ్రత్త మనిషా? ఇంట్లో గ్యాసు కట్టేసి, మళ్ళీ చూసి, గడప దాటాక వెనక్కి వచ్చి ఇంకోసారి చూసేవాడు. పాప ఆ కాగితం చదివి, "అమ్మా, తప్పు నాన్నదేనా?" అంది. పదిహేనేళ్ళ పిల్ల.

మీ అన్నయ్యతో కలిసి పనిచేసే పొడుగు ఫిట్టరు నీకు గుర్తుండే ఉంటాడు, మిల్లులో అందరూ నిచ్చెన అంటారు. ఆ రోజు పంపుహౌసు ఆ చివర ఉన్నాడు. వాల్వు సంగతంతా అబద్ధమంటాడు. "ఆయన చేతిలో స్పానరే లేదమ్మా, నూనె డబ్బా ఉంది. పక్క నుంచి నడిచి వెళ్తున్నాడంతే" అన్నాడు. విచారణలోనూ అదే చెప్పాడట. రాసుకోలేదట.

గోడకున్న ఇనుప జాలీలో ఇరుక్కున్న రబ్బరు ముక్కొకటి తీసి, గుడ్డలో చుట్టి తెచ్చిచ్చాడు. "ఇది పనికొస్తుందో లేదో తెలీదు, పారెయ్యడానికి మాత్రం మనసొప్పలేదు" అన్నాడు. అరచేతి పాటి ముక్క. నల్లగా, చెప్పు అట్టంత మందం. చీలిన అంచున తెల్లటి పీచు బ్రష్షులా నిలబడి ఉంది. కత్తెరకి లొంగకపోతే ఆయనే హాక్సా బ్లేడుతో రెండుగా కోశాడు. ఒక సగం దీనితో పంపుతున్నాను.

పొద్దున లేస్తే నీ బతుకంతా రబ్బరుతోనే. ఏం జరిగిందో చూసి చెప్పు.

ఇట్లు,
వదిన

రబ్బరు ఫ్యాక్టరీ, ల్యాబు,
మార్చి 12

వదినగారికి నమస్కారాలు.

ఆలస్యానికి క్షమించండి. ఇక్కడ ఊపిరాడని పని.

మీ ఉత్తరం చదివాక అన్నయ్యే కళ్ళ ముందు తిరుగుతున్నాడు. నేను లెక్కల్లో రెండోసారి తప్పినప్పుడు, వీధిలోకి పోకుండా ఆయన నా బూట్లు దాచేశాడు. ఎక్కడ దాచినా వెతికి పట్టుకుంటున్నానని ఒకరోజు వాటిని తనే తొడుక్కుని డ్యూటీకి వెళ్ళాడు. ఆయనవి తొమ్మిదో నంబరు పాదాలు, నావి ఏడు. సాయంత్రం కుంటుకుంటూ వచ్చి, మెట్ల మీద కూర్చుని, "ఈసారి నువ్వు పాసవ్వకపోతే నాకు కాళ్ళు మిగలవురా" అన్నాడు. మీరు అప్పటికి కొత్తగా వచ్చారు. వేడినీళ్ళ బేసిను తెచ్చి ఆయన ముందు పెట్టి, నవ్వాపుకోలేక లోపలికి పరుగెత్తారు. ఆ ఏడు పాసయ్యాను. ఈ ఉద్యోగం, ఈ తెల్లకోటు ఆ బొబ్బల మీద వచ్చినవే.

మీరు పంపిన ముక్క అందింది. ద్రావకంలో నానిన రబ్బరుని చూసి ఏదీ తేల్చి చెప్పలేం. పైగా ముక్క చిన్నది, పరీక్షకు చాలదు. మీ దగ్గరున్న రెండో సగం కూడా రిజిస్టరు పోస్టులో పంపండి. ఈలోగా ఎవరికీ చూపించకండి, తలో మాట అంటారు.

విచారణ సంగతి మనసులోంచి తీసెయ్యండి వదినా. కాగితంలో ఏది రాసి ఉన్నా అన్నయ్య తిరిగి రాడు. పాపని బాగా చదువుకోమనండి.

మీ మరిది

పేపరు మిల్లు క్వార్టర్సు,
మార్చి 29

చిరంజీవి చిన్నబాబుకి,

ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బూట్ల కథకి పేజీ, ముక్కకి నాలుగు లైన్లు. కథ బాగుంది, పాప కూడా నవ్వింది. నవ్వి చాలా రోజులైంది దానికి. కానీ నేనడిగింది కథ కాదు.

నిచ్చెన మిగతా జాయింట్లలో ఒకదాని మీద మురికి తుడిచి, అచ్చు కొట్టిన గుర్తుని కాగితం మీద దించుకుని వచ్చాడు. మీ ఫ్యాక్టరీ గుర్తు. కింద బ్యాచి నంబరు. అది చూశాక నాకు కిందటేడు సంగతి గుర్తొచ్చింది. "మా తమ్ముడు కనిపెట్టిన రకం. లోపల గుడ్డ పొరలుండవు, రబ్బరులోనే పీచు కలిపేస్తారు, అయినా ఇనుములా ఉంటుంది" అని మీ అన్నయ్య స్టోర్సు ఆఫీసు చుట్టూ తిరిగి ఆ ఆర్డరు పెట్టించాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు కదా, కాలనీ అంతా చాటాడు. జాయింట్లు వచ్చిన రోజు వాటిని చూడ్డానికి సెలవు పూట మిల్లుకెళ్ళాడు.

ఇవి మీ ఫ్యాక్టరీవని నువ్వు నాకెందుకు చెప్పలేదు?

మొత్తం ఆరు వచ్చాయి. ఒకటి పోయింది. అయిదు పంపుల మీదే ఉన్నాయి. నిచ్చెన రోజుకి ఎనిమిది గంటలు వాటి మధ్యనే తిరుగుతాడు. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు. అవి మంచివా, కావా? ఈ ఒక్కటీ చెప్పు చాలు.

రెండో సగం పంపను. నా బీరువాలో ఉంటుంది. అడిగావని కోపం లేదు. ఎందుకడిగావో మాత్రం అంతుపట్టలేదు.

వదిన

రబ్బరు ఫ్యాక్టరీ, ల్యాబు,
ఏప్రిల్ 10

వదినగారికి,

మీకు మనసులో ఏదో ఉన్నట్టుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఆలోచన నాదే, దాచను. రెండు రకాల సింథటిక్ రబ్బర్లు తీసుకుంటాం. ఒకటి వేడికి ఓర్చుకుంటుంది, రెండోది నూనెకి ఓర్చుకుంటుంది. వాటిని కలిపి, గోరంత పొడవు తెగ్గొట్టిన నైలాను పీచు అందులో వేస్తాం. మట్టిగోడకి గడ్డి కలిపినట్టే. రోలర్ల మధ్య నలిగేటప్పుడు పీచంతా దువ్విన జుట్టులా ఒకే దిక్కుకి తిరుగుతుంది. అందుకని ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డంగా పేర్చి ప్రెస్సులో ఉడికిస్తాం. పీచు జారకుండా రబ్బరుని పట్టుకోవడానికి ఒక పొడి కలుపుతాం. ఈ వంటకం కుదరడానికి నాకు మూడేళ్ళు పట్టింది. వంటకంలో లోపం లేదు. అది మాత్రం గట్టిగా చెప్పగలను.

ప్రతి బ్యాచికీ పరీక్షలు జరిగాయి. కార్డుల మీద అన్నీ సంతృప్తికరం అనే ఉంది.

మిగతా అయిదింటి గురించి మా మేనేజరుతో మాట్లాడుతున్నాను. జూన్‌లో మీ మిల్లు మరమ్మతులకి ఆపుతారు కదా, అప్పుడు మార్పించేలా చూస్తాను. అంతవరకూ నిచ్చెనగారిని వాటికి కొంచెం ఎడంగా ఉండమనండి. ఊరికే, జాగ్రత్త కోసం.

ఈ విషయాలు ఉత్తరాల్లో వద్దు. నేను వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

మీ మరిది

పేపరు మిల్లు ఆసుపత్రి,
మే 6

అయ్యా,

నిన్న ఉదయం పదిన్నరకి రెండో జాయింటు పగిలింది.

నిచ్చెన స్టూలు మీద కూర్చుని మీటరు చూసి ప్రెషరు రాసుకుంటున్నాడు. ఎడంగానే కూర్చున్నాడు. మీరు చెప్పారని నేను చెప్పాను, నేను చెప్పానని ఆయన స్టూలు జరుపుకున్నాడు. పదడుగుల దూరం. చాల్లేదు. ముఖం, మెడ, కుడిచెయ్యి. ఒక కన్ను పోయింది. రెండోదాని గురించి డాక్టర్లు ఏమీ అనడం లేదు. ఆయన భార్య వరండాలో నా పక్కనే కూర్చుని ఉంది.

మంచి వస్తువుకి మనిషి ఎడంగా ఎందుకుండాలి? మీకు ఏ రోజు తెలిసింది? తారీఖు రాయండి. ఇంకేమీ రాయకండి.

అద్దె గది,
మే 11

వదినగారికి,

మార్చి 9. ఉదయం పదకొండు గంటలకు.

ఇంకేమీ రాయవద్దన్నారు. రాస్తున్నాను. చదవాలని లేకపోతే మడిచి దాచండి, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు ఇవ్వండి.

ఆ పూట మీ కవరు విప్పి ముక్కని భూతద్దం కింద పెట్టాను. పీచు రబ్బరుని గట్టిగా పట్టుకుని ఉంటే, చీలినప్పుడు పీచే మధ్యకి తెగుతుంది. మొండి కొసకి రబ్బరు అంటుకుని ఉంటుంది. మీరు పంపిన దాంట్లో ఒక్కటీ తెగలేదు. అన్నీ కడిగిన గడ్డివేళ్ళలా శుభ్రంగా ఊడి వచ్చాయి. పక్కన సూదితో పొడిచినట్టు ఖాళీ చిల్లులు. పొడి కలపని రబ్బరు అది. చూడటానికి నిమిషం పట్టలేదు. ముక్కని సొరుగులో పెట్టి, తాళం వేసి, భోజనానికి వెళ్ళాను. తిన్నాను కూడా.

కిందటి ఆగస్టులో ఆ పొడి అయిపోయింది. అది లేకుండా చేసిన మొదటి బ్యాచిని మూడు రోజులు వేడి ద్రావకంలో నానబెట్టి లాగి చూశాను. తడి కాగితంలా విడిపోయింది. మేనేజరు దగ్గరికి తీసుకెళ్ళాను.

"వేడి పరీక్షలో నిలబడలేదు సార్. పీచు ఊడి వచ్చేస్తోంది."

"చల్లగా ఉన్నప్పుడు లాగితే?"

"అప్పుడు బాగానే ఉంది సార్."

"మరింకేం? పీచు వేశాం కదా. పొడి నెలాఖరుకి వస్తుంది. అప్పటిదాకా ప్రెస్సులు ఆపుకుని ఈగలు తోలుకుందామా? సంతకం పెట్టు."

పెట్టాను. పొడి నెలాఖరుకి రాలేదు, అక్టోబరుకి వచ్చింది. అప్పటికి పదకొండు బ్యాచిలు వెళ్ళాయి. పదకొండు కార్డుల మీద, వేడి పరీక్ష గడిలో, నా చేత్తో నేనే "సంతృప్తికరం" అని రాశాను. మొదటి కార్డు గది తలుపు వేసుకుని రాశాను. అయిదో కార్డుకి పక్కవాడితో మాట్లాడుతూ రాశాను. మీ మిల్లుకి వచ్చినవి ఆ పదకొండులోవే.

జనవరిలో అన్నయ్య పోయాడని కబురు రాగానే అనుమానం వచ్చింది. అక్కడికి వచ్చినప్పుడు పంపుహౌసు వైపు వెళ్ళలేదు. మీరు ముక్క పంపాక అనుమానానికి కూడా చోటు లేదు. రెండో సగం ఎందుకడిగానో మీకు తెలిసే ఉంటుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందన్న భయం. ఉద్యోగం భయం, జైలు భయం. అన్నయ్య ఎలాగూ లేడు, మాట పడ్డా ఆయనకి నొప్పి తెలియదు అనుకున్నాను. ఈ వాక్యం రాసి కొట్టేశాను. మళ్ళీ రాశాను. అనుకున్నది అదే కాబట్టి.

ఆసుపత్రి నుంచి మీరు రాసిన ఉత్తరం అందిన రోజే మీ మిల్లుకి ఫోన్ చేసి పంపులు ఆపమని చెప్పాను. కార్డుల నంబర్లన్నీ వేసి, ఏం చేశామో రాసి, సంతకం పెట్టి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకి ఇచ్చాను. దాని నకలు ఇందులో ఉంది. మేనేజరు నా దగ్గర ల్యాబు తాళాలు తీసుకున్నాడు. "అన్నం పెట్టిన చెయ్యి నరికావు" అన్నాడు. నరికింది ఎవరి చెయ్యో ఆయనకి ఇంకా తెలియదు.

నేను రావచ్చా?

చిన్నబాబు

పేపరు మిల్లు క్వార్టర్సు,
జూన్ 20

చిన్నబాబుకి,

ఇన్‌స్పెక్టరు వచ్చి బీరువాలో ముక్క తీసుకున్నాడు. మా ముందే భూతద్దం కింద పెట్టాడు. పాప కూడా వంగి చూసింది. పంపుల మీద మిగిలిన నాలుగు జాయింట్లూ విప్పారు. ఒకదాన్ని మెకానిక్కు చేత్తో వంచితే లోపలి పొర అట్టముక్కలా లేచి వచ్చిందట.

కొత్త కాగితం నిన్న ఇచ్చారు. తప్పు మీ అన్నయ్యది కాదని రాశారు. పాప మూడుసార్లు చదివి, మడిచి నా చేతిలో పెట్టి స్కూలుకి వెళ్ళింది. దానికి ఇష్టమైన బాబాయివి నువ్వు. ఇప్పుడది నీ పేరు ఎత్తడం లేదు.

నిచ్చెన ఇంటికి వచ్చాడు. మిగిలిన కంటికి వెలుగు తెలుస్తుంది, ఆకారం తెలుస్తుంది. మనుషుల్ని గొంతు బట్టి పోల్చుకుంటున్నాడు. అంత పొడుగు మనిషీ తలుపు దగ్గర వంగడం మరిచిపోయి, రోజూ నుదురు కొట్టుకుంటున్నాడు.

ఆయన భార్య నన్నొకటే అడిగింది, "మీ మరిదికి ఎప్పుడు తెలుసు?" అని. దాచలేదు. మార్చి తొమ్మిది అన్నాను. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "యాభై ఏడు రోజులు" అంది. అంతే, లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. ఎడంగా ఉండమన్న నీ మాట చదివిన రోజే అవి మంచివి కావని నాకు తెలిసిపోయింది. అయినా ఆ ఉత్తరం తీసుకెళ్ళి మిల్లు ఆఫీసులో పడెయ్యలేదు. నిచ్చెనకి కూడా చూపించలేదు. ఊరికే స్టూలు జరుపుకోమన్నాను. ఎందుకంటే నువ్వు మా ఇంటి పిల్లాడివి, ఇంటి గుట్టు వీధిలో పెట్టకూడదనుకున్నాను. మీ అన్నయ్య మీద పడ్డ మాట తుడవాలనే నా ఆరాటమంతా. బతికున్న మనిషి సంగతి రెండోదైంది. ఆ పాపంలో నా వాటా నాది. ఆవిడకి అదీ చెప్పాను. అప్పటి నుంచి ఆవిడ నాతో మాట్లాడటం లేదు.

రావచ్చా అని అడిగావు. వచ్చేట్టయితే ముందు ఆ ఇంటి తలుపు కొట్టు. లోపలికి రమ్మంటే వెళ్ళు. ఆ తరువాత మా ఇంటికి రా, అన్నం పెడతాను. ఆ తలుపు కొట్టలేకపోతే మాత్రం, మా వీధిలోకి కూడా రావద్దు.

వదిన

ఒక ఫ్యాక్టరీ గేటు ఎదుట, టీ కొట్టు,
జూలై 9

వదినగారికి,

పోయిన ఆదివారం వచ్చాను. మీ ఇంటికి రాకుండా తిరిగి వెళ్ళినందుకు కారణం రాస్తున్నాను.

తలుపు నిచ్చెనగారి భార్య తీశారు. పేరు చెప్పాను. లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు. తలుపు అలాగే వదిలి పక్కకి జరిగారు. ఆయన మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. నేను గడప ఇవతలే నిలబడి, దారిలో కూడబలుక్కున్నదంతా చెప్పబోయాను. రెండు ముక్కలు కూడా పూర్తికాలేదు.

"అది సరే. పదకొండు బ్యాచిలని రాశావటగా," అన్నారాయన. "బ్యాచికి ఎన్ని జాయింట్లు?"

"ఆరేడు వస్తాయండీ."

"మాకొచ్చినవి ఆరు. అంటే ఒక్క బ్యాచి. మిగతా పది ఎక్కడ?"

విచారణ జరుగుతోందని, ఫ్యాక్టరీ వాళ్ళని ఇన్‌స్పెక్టరు లెక్కలు అడిగాడని చెప్పాను.

"విచారణ నడుస్తుంది. అవతల పంపులూ నడుస్తుంటాయి," అన్నారు. నా గొంతు వచ్చిన వైపుకి ముఖం తిప్పారు. ఆ ముఖం గురించి రాయలేను. "మరి నువ్విక్కడ నిలబడి ఏం చేస్తున్నావ్?"

వెంటనే బయలుదేరాను. మా డిస్పాచి గుమాస్తా ఇంటికి వెళ్ళి గంటసేపు బతిమాలితే, భార్య వినకుండా వీధి చివరకి తీసుకొచ్చి, ఆ బ్యాచిలు ఎక్కడెక్కడికి వెళ్ళాయో గుర్తున్నంతవరకు చెప్పాడు. నాలుగు చోట్లు. మొదటి చోట ఇన్‌స్పెక్టరు కాగితం నకలు చూపించగానే పంపులు ఆపారు. రెండో చోట నవ్వారు. సాయంత్రం దాకా స్టోర్సు ముందు కూర్చుంటే, విసుగెత్తి ఒకటి విప్పి చూశారు. ఆ తరువాత నవ్వలేదు.

ఇది మూడోది. ఇక్కడ గేటు లోపలికి రానివ్వడం లేదు. ఉద్యోగం పోయిన కక్షతో వచ్చానని మా మేనేజరు ముందే ఫోన్ చేసి చెప్పాడట. కాగితం చూడమంటే వాచ్‌మన్ నన్ను కాలువ దాకా తోసుకుంటూ వచ్చాడు. రెండు రోజులుగా ఈ కొట్టు బల్ల మీదే ఉన్నాను.

మూడు గంటలకి సైరను మోగింది. షిఫ్టు దిగి వస్తున్న వాళ్ళకి ఎదురు వెళ్ళి, ఒక్కొక్కరినీ ఆపి, "పంపుల దగ్గర పనిచేసేది మీలో ఎవరండీ?" అని అడిగాను. చాలామంది పిచ్చివాడనుకుని తప్పుకున్నారు. ఒకాయన ఆగాడు. నడివయసు మనిషి, చేతిలో ఖాళీ క్యారియరు.

"నేనే. ఏం కావాలి?"

చెప్పాను. నా సొరుగులో పడి ఉన్న ముక్కని ఇన్‌స్పెక్టరుకి అప్పగించే ముందు దాంట్లోంచి ఒక పెచ్చు కోసి ఉంచుకున్నాను. అది ఆయన చేతిలో పెట్టి, పీచుని గోటితో లాగి చూడమన్నాను. లాగాడు. వెంట్రుకలా వచ్చేసింది. ఇంకొకటి లాగాడు. ఏ లైనుకి వేశారని నేనడగబోతుంటే ఆయన వినడం లేదు, గేటు వైపు చూస్తున్నాడు.

"ఇప్పుడే మా తమ్ముడు డ్యూటీ ఎక్కాడు," అన్నాడు.

క్యారియరు నా చేతిలోనే వదిలేసి లోపలికి పరుగెత్తాడు. వాచ్‌మన్ అరిచాడు, ఆయన ఆగలేదు.

ఇరవై నిమిషాలైంది. పంపుల మోత ఇంకా వినిపిస్తోంది. క్యారియరు పక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను.

చిన్నబాబు